లిఫ్ట్ లేకుండా ఇంటి దగ్గరే సైలెన్సర్ మార్చడం: అపోహలు - వాస్తవాలు

కారు కింద నుంచి బుడబుడమని చప్పుడు మొదలైతే బెజవాడలో ఎవరినడిగినా మెకానిక్ షెడ్లుండే ఆటోనగర్ వైపే చెయ్యి చూపిస్తారు. తప్పేం లేదు, లిఫ్ట్ మీద అది చిన్న పని. అయితే వెనక సైలెన్సర్, మధ్య పైపు, వాటిని మోసే రబ్బర్లు వరకు ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చు. ఇంజన్ పక్కనుండే మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగను పట్టి పైపులోకి చేర్చే భాగం), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) జోలికి మాత్రం లిఫ్ట్ లేకుండా వెళ్లొద్దు. పైపు బిగించడంలో పెద్ద కష్టం లేదు. కారును ఎత్తి కదలకుండా నిలబెట్టడం, తుప్పు పట్టిన నట్టును విరగకుండా విప్పడం, ఇవే అసలు పని. అపోహలూ ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతుంటాయి.

అపోహ: జాకీతో లేపి కింద నాలుగు సిమెంటు ఇటుకలు పేరిస్తే చాలు.

కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద లేచిన కారు కింద తల పెట్టకూడదు. ఇక సిమెంటు ఇటుక గోడలో ఉన్నప్పుడు బరువు దాని మీద పరుచుకుంటుంది. కారు కింద పెడితే బరువంతా ఒక్క చోటే పడుతుంది. అప్పుడది ముందు బీటలిచ్చి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది.

కొనాల్సింది ఒక జత జాకీ స్టాండ్లు, 2 లేదా 3 టన్నులవి. డోర్ల కింద అంచులో జాకీ పెట్టడానికి గుర్తులుంటాయి, స్టాండు అక్కడే ఆనాలి. నేల రేకు కింద పెడితే రేకు లోపలికి పోతుంది. ఒక పక్కను ఒకేసారి పైదాకా లేపితే రెండో పక్క లేపేటప్పుడు మొదటి స్టాండు ఒరుగుతుంది. అందుకే అటు ఒక గాటు, ఇటు ఒక గాటు చొప్పున లేపుకుంటూ పోవాలి. నేలకూ కారు అడుగుకూ మధ్య 40 సెంటీమీటర్లుంటే పడుకుని పానా తిప్పడానికి చెయ్యాడుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. మన కార్లలో హ్యాండ్ బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలనే పడుతుంది. ఆ వెనక చక్రాలే గాల్లోకి లేస్తే బ్రేకు వేసినా వెయ్యనట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు తన్నిపెట్టి, ఫస్ట్ గేరులో ఉంచాలి.

నేలనూ చూసుకోవాలి. మే నెల ఎండకు తారురోడ్డు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. అపార్ట్‌మెంటు పార్కింగులో టైల్స్ జారతాయి. రెండు చోట్లా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కింద వేయాలి. ర్యాంపు వాలులో పని అసలే వద్దు. విప్పిన చక్రమో స్టెప్నీయో డోరు కింది అంచుకు దిగువన పడుకోబెట్టి, కారును పక్క నుంచి తుంటితో గట్టిగా నెట్టి చూడండి. ఊగిందంటే దించి మళ్లీ మొదటి నుంచి పెట్టండి.

అపోహ: ఇంజన్ ఆపిన పావుగంటకు పైపు చల్లారిపోతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ నడుస్తున్నప్పుడు 400 డిగ్రీలు దాటి కాగుతుంది. కనీసం 2 గంటలు ఆగాలి. రాత్రి పార్క్ చేసి తెల్లవారుజామున మొదలుపెడితే ఇంకా మంచిది, బెజవాడ వేసవిలో ఆ తర్వాత కారు కింద ఎలాగూ పడుకోలేం. వేడి పైపు మీద తుప్పు వదిలించే స్ప్రే కొడితే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: నట్టు రాకపోతే పానాకు పైపు తొడిగి ఒక్క గుంజు గుంజాలి.

స్టడ్లు, అంటే నట్టు ఎక్కే తల లేని బోల్టులు, విరిగేది సరిగ్గా ఇలాగే. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి పెళుసెక్కిన ఇనుమది. ముందురోజు సాయంత్రం వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, స్ప్రే కొట్టి, పడుకునే ముందు మరోసారి కొట్టండి. పొద్దున ఆరు మూలల సాకెట్ తొడగండి. పన్నెండు మూలలది అరిగిన నట్టు మీద జారి, ఉన్న అంచుల్ని కూడా గుండ్రం చేసేస్తుంది.

మొదట విప్పే వైపు కాకుండా, బిగించే వైపు వెంట్రుక వాసి కదిలించాలి. కిర్రుమన్న చప్పుడొస్తే తుప్పు పట్టు వదిలిందన్న మాట. పావు తిప్పు విప్పాలి, బిగుసుకుందంటే సగం వెనక్కి తేవాలి, మళ్లీ స్ప్రే కొట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో రోజుల తరబడి నిలిచిన బళ్లకు ఇంకా ఓపిక కావాలి.

వెనక ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే చదును అంచు) దగ్గర బోల్టు విరిగినా కొంప మునగదు. డ్రిల్ చేసి అవతలికి తోసి కొత్త బోల్టు, నట్టు వేసుకోవచ్చు. నట్టును హాక్సా బ్లేడుతో కోసినా సరే. గ్రైండర్ మాత్రం వద్దు, పక్కనే పెట్రోలు ట్యాంకు, దాని పైపులు ఉంటాయి. విప్పిన పాత నట్లు మళ్లీ వాడకండి. కొత్తవాటికి రాగి గ్రీజు కాస్త పూస్తే వచ్చేసారి సులువుగా వస్తాయి.

అపోహ: రబ్బర్లకు గ్రీజు రాస్తే జారి వస్తాయి.

వస్తాయి, కానీ గ్రీజుకు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు. రబ్బర్లు ఊడదీసే ముందు సైలెన్సర్ కింద చెక్క దిమ్మె పెట్టండి, లేదంటే ఆ బరువంతా మొహం మీదకొస్తుంది. చీలికలు కనబడితే అన్ని రబ్బర్లూ ఒకేసారి మార్చేయండి.

అపోహ: పాత ప్యాకింగ్ (జాయింటు మధ్య వేసే గాస్కెట్) మీద సిలికాన్ పూస్తే లీకు ఆగుతుంది.

మామూలు సిలికాన్ ఆ వేడికి నిలవదు. పైగా దాని ఆవిరి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ను పాడు చేస్తుంది. ఫ్లాంజ్ విప్పారంటే కొత్త ప్యాకింగ్ వేయాల్సిందే. పైపులో పైపు దూరే చోట ఎగ్జాస్ట్ పేస్టు రాసుకోవచ్చు, వేడికి అది రాయిలా గట్టిపడుతుంది.

అపోహ: ఒక్కో జాయింటూ పూర్తిగా బిగించుకుంటూ వెనక్కి రావాలి.

అలా చేస్తే చివరికి సైలెన్సర్ బంపరుకు తగులుతూ వంకరగా వేలాడుతుంది. ముందు అన్నిటినీ చేత్తో తిరిగేంత వదులుగా ఎక్కించండి. పైపుకూ బాడీకీ, యాక్సిల్‌కూ, బ్రేకు పైపులకూ మధ్య బొటనవేలు పట్టేంత, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూసి, అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. పైపు పైపులోకి 4, 5 సెంటీమీటర్లు దూరాలి. యూ ఆకారపు బోల్టుతో బిగించే యూ క్లాంపును అతిగా బిగిస్తే పైపు నొక్కుకుపోయి మళ్లీ ఊడదు, పట్టీ క్లాంపు మేలు. స్ప్రింగు బోల్టులున్న జాయింటులో స్ప్రింగు పూర్తిగా అణిగిపోకూడదు. ఇంజన్ ఊగినప్పుడు అక్కడ పైపు కాస్త ఆడాలి.

అపోహ: కొత్త సైలెన్సర్ మీంచి పొగ వస్తే, నీళ్లు కారితే బిగింపు తప్పినట్టే.

పొగ దాని మీది నూనె కాలడం వల్ల. కాసేపటికి పోతుంది. నీళ్లు ఇంధనం మండినప్పుడు పుట్టే ఆవిరివే. సైలెన్సర్ కింద సన్నటి రంధ్రం ఉంటే అది ఆ నీళ్ల కోసమే, ఎం-సీల్ పెట్టి పూడ్చకండి.

అపోహ: కన్వర్టర్ తీసేసి లావు పైపు వేస్తే పికప్ పెరుగుతుంది.

మామూలు ఇంజనుకు పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి తక్కువ ఆర్పీఎంలో, అంటే ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు, ఊపు పోతుంది. కన్వర్టర్ తీస్తే బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బళ్లలో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర చిక్కు వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్దానికీ, పొగకూ 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

అపోహ: చప్పుడు లేకపోతే లీకు లేనట్టే.

ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న చిన్న సందు చాలు. పొగ కొట్టుకొచ్చే విరామాల్లో అక్కడి నుంచి బయటి గాలి లోపలికి పోతుంది. పెట్రోలు చాలడం లేదనుకుని ఇంజన్ కంప్యూటరు ఇంకా పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కారును నేల మీదికి దించి, బయట గాలాడే చోట, సెల్లార్‌లో కాదు, స్టార్ట్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఒకరు తడిగుడ్డను మందంగా మడిచి, గ్లవ్స్ వేసుకుని టెయిల్ పైపును కొన్ని క్షణాలు మూస్తే, ఇంకొకరు పక్క నుంచి వంగి వినాలి. బుస్సుమంటే ఆ జాయింటే. సబ్బు నీళ్లు కొడితే బుడగలు కూడా వస్తాయి, పైపు ఇంకా చల్లగా ఉండగానే కొట్టండి. 100 కిలోమీటర్లు తిరిగాక పూర్తిగా చల్లారనిచ్చి ప్రతి నట్టుకూ మళ్లీ పానా పెట్టండి. ఒకటి రెండు పావు తిప్పు తిరుగుతాయి.