ఆకు వేషం, పువ్వు వేషం

కల్లిమా సీతాకోకచిలుక రెక్కలు విప్పితే ముదురు నీలం మీద వెడల్పాటి నారింజ పట్టీ. ముడిస్తే అచ్చం ఎండుటాకు. నడిమి ఈనె, మొనదేలిన కొన, తొడిమలాంటి తోక, బూజు పట్టినట్టు మచ్చలు కూడా ఉంటాయి. సుమత్రా అడవుల్లో దీని దగ్గరి బంధువు వెంటపడిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, అది పొదలో వాలగానే మాయమైపోయేదని రాశాడు. ఇంత పక్కాగా కుదిరిన ఆకు ఒక్కసారిగా ఎలా వచ్చిందన్నది పాత ప్రశ్న. దీని రెక్కల గీతలను బంధు జాతులతో పోల్చిన జపాన్ పరిశోధకులు, ఆ రూపం మెట్టుమెట్టుగా ఏర్పడిందని 2014లో చూపించారు.

ఆర్కిడ్ మాంటిస్‌ది కూడా ఇలాంటి వేషమే అనుకునేవారు. ఆగ్నేయాసియాలో ఉండే ఈ తెలుపు, గులాబి రంగుల గొల్లభామ కాళ్లకు పూరేకుల్లాంటి పలకలుంటాయి. పూల మధ్య నక్కి వేటాడుతుందని చాలాకాలం నమ్మారు. మలేషియాలో ప్రయోగాలు చేసి చూస్తే సంగతి వేరు. పువ్వు పక్కన లేకపోయినా తేనెటీగల్లాంటివి నేరుగా దాని దగ్గరికే వచ్చాయి. అక్కడ విరివిగా పూసే ఒక పువ్వు కంటే దానివైపే ఎక్కువగా వచ్చాయి! ఏదో ఒక ఆర్కిడ్‌ను అచ్చుగుద్దినట్టు పోలి ఉండాల్సిన పని లేదు, తేనెటీగ కంటికి ‘పువ్వు’ అనిపిస్తే చాలు. పిల్ల మాంటిస్‌లు ఆసియా తేనెటీగలను రప్పించే రసాయనాలు కూడా వదులుతాయి.

నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. కల్లిమా వేషం పక్షుల కంట పడకుండా బతకడానికి. మాంటిస్ మాత్రం ఎర కంటికి కనిపించకపోతే దానికి తిండే లేదు. ఆ తిండి దాని ఒంటినే మార్చింది. ఆడది ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది, మగది అందులో సగం కూడా ఉండదు. పెద్ద పురుగులను రప్పించి పట్టే వేటే ఆడవాటిని పెంచిందని 2016లో ఒక అధ్యయనం ప్రతిపాదించింది. జత కోసం తిరిగే మగవాటికి చిన్న ఒళ్లే మేలు.

మాంటిస్ కూడా పుట్టగానే పువ్వు కాదు. గుడ్డులోంచి ఎరుపు, నలుపు రంగుల్లో వస్తుంది, కుట్టే పురుగేమోనని శత్రువులు వెనకాడేలా. మొదటిసారి కుబుసం విడిచాకే తెల్లబడుతుంది.

ఇంతకీ ఈ పువ్వు వేషానికి కల్లిమా మోసపోతుందా? ఆ అవకాశం తక్కువే. అది పూల మీద పెద్దగా వాలదు. చెట్ల జిగురు, కుళ్లిన పండ్ల రసమే దాని ఆహారం.