అసిమోవ్ జాబితాలో తొమ్మిదో పుస్తకం

హైదరాబాదులో ఆదివారాలు కలుసుకునే ఒక చిన్న పాఠక బృందం అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' నవలలను వరసగా చదివి చర్చించుకోవాలని అనుకోవడంతో పాత తగువు మళ్లీ రాజుకుంది. 1951లో వచ్చిన మొదటి పుస్తకంతో ఆరంభించాలని పెద్దలు, కథాకాలంలో దానికి ముందు జరిగే 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్'తో ఆరంభించాలని యువకులు పట్టుబట్టారు. పైకి ఇది వరుస గురించిన పేచీలా ఉన్నా, రచయిత చివరి దశలో రాసిన నవలలకు తొలి మూడు పుస్తకాల మీద ఎంత హక్కు ఉందన్నదే అసలు వివాదం. నక్షత్రమండల సామ్రాజ్యం కూలిపోతుందని హారి సెల్డన్ అనే గణితవేత్త తన 'మనోచరిత్ర శాస్త్రం'తో, అంటే జనసమూహాల భవిష్యత్తును లెక్కగట్టే శాస్త్రంతో, ముందే పసిగట్టి, రాబోయే చీకటి యుగాన్ని వెయ్యేళ్లకు కుదించడానికి 'ఫౌండేషన్' అనే స్థావరాన్ని నెలకొల్పడం ఆ మూడింటి కథ. అవి పత్రికలో ఎలా పుట్టాయో, రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర వాటికి ఎలా ఊపిరి పోసిందో తెలియని అభిమాని ఉండడు కనుక ఆ జోలికి పోవడం లేదు.

ఆ చివరి నవలలు ఎలా పుట్టాయో చాలామంది 1981 నుంచి చెబుతారు. ఫౌండేషన్ నవల మరొకటి రాయాల్సిందేనని డబుల్‌డే ప్రచురణ సంస్థ పట్టుబట్టి, ఆయనకు మామూలుగా ఇచ్చే అడ్వాన్సుకు పదిరెట్లు ఇస్తామంది. పాత మూడు పుస్తకాలూ తిరిగి చదువుకున్న అసిమోవ్, ఎప్పుడు ఏం జరుగుతుందా అని ఎదురు చూశాననీ, చివరిదాకా మాటలే తప్ప ఏమీ జరగలేదనీ తానే రాసుకున్నారు. అయినా కూర్చుని రాశారు. ఆయన పెట్టుకున్న 'లైట్నింగ్ రాడ్' అన్న పేరును సంస్థ ఒప్పుకోలేదు. అట్ట మీద 'ఫౌండేషన్' అన్న మాట కనిపించి తీరాలంది. అలా 1982లో వెలువడిన 'ఫౌండేషన్స్ ఎడ్జ్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కి, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారం అందుకుంది. డబ్బు కోసం రాశాడన్న నింద ఇక్కడే పుట్టింది. అయితే డబ్బు ఆయన ఎందుకు రాశాడో చెబుతుంది గానీ, ఏం రాశాడో చెప్పదు.

మలుపు 1985లో ఉంది. (కథ ముందే తెలియకూడదనుకునేవారు ఈ పేరా దాటేయవచ్చు.) ఆ ఏడాది వచ్చిన 'రోబోట్స్ అండ్ ఎంపైర్' పేరుకు ఫౌండేషన్ నవల కాదు. తొలి మూడు పుస్తకాల్లో రోబో అన్నదే కనిపించదు. ఆ రెండు లోకాలనూ అసిమోవ్ దశాబ్దాల పాటు వేరు వేరు గదుల్లో ఉంచారు. 1985లో మధ్య గోడ పడగొట్టారు. జిస్కార్డ్, డానీల్ అనే రెండు రోబోలు మనిషి కంటే మానవజాతి ముందన్న 'సున్నా సూత్రం' తయారు చేసుకుంటాయి. భూమి క్రమంగా రేడియోధార్మికమై పోతుంటే, అలాగైతేనే మనుషులు నక్షత్రమండలమంతా వ్యాపిస్తారని జిస్కార్డ్ ఊరుకుంటుంది. తాను చేసింది మేలో కీడో తేల్చుకోలేక దాని మెదడు ఆగిపోతుంది. ఆగిపోయే ముందు మనసులను మలచే శక్తిని డానీల్‌కు అప్పగిస్తుంది. మరుసటి ఏడాది 'ఫౌండేషన్ అండ్ ఎర్త్'లో ఇరవై వేల ఏళ్ల వయసున్న అదే డానీల్ చంద్రుడి మీద కనిపించి, సెల్డన్ మనోచరిత్ర శాస్త్రం వెనక కూడా తన చెయ్యి ఉందని చెబుతుంది.

పెద్దల బాధ ఇక్కడ మొదలవుతుంది. వారు అభిమానించిన సెల్డన్ లెక్కలు వేసి, వీడియోలో తన మాటలు దాచిపెట్టి చనిపోయిన మనిషి. ఆ తరవాత ప్రతి సంక్షోభాన్నీ ఒక మేయరో ఒక వర్తకుడో తన బుర్రతో, బేరంతో గట్టెక్కించాడు. 1985 తరవాత ఆ ఘనత ఎప్పుడూ తప్పుచేయని, చావులేని ఒక కాపలాదారుడి ఖాతాలోకి వెళ్లిపోయింది. కావ్యమంతా చదివాక నాయకుడి ప్రతి గెలుపూ వేరొకరు రాసిపెట్టిందేనని ఉత్తరకాండలో చెబితే పాఠకుడికి ఎలా ఉంటుందో, వారికి అలాగే ఉంది. సెల్డన్ చాటుగా నెలకొల్పిన రెండో ఫౌండేషన్ కూడా రహస్యంగా మనసులను తిప్పిందేగా అని యువకులు అడుగుతారు. బలమైన ప్రశ్నే. కానీ ఆ ఫౌండేషన్ వారు మనుషులు, పొరపడ్డారు, సెల్డన్ లెక్కలకు అందని, మనసులను లొంగదీసుకునే మ్యూల్ అనే విజేత వచ్చినప్పుడు భయపడ్డారు.

2021లో మొదలైన టెలివిజన్ ధారావాహిక 'ప్రిల్యూడ్'లో చక్రవర్తి మంత్రిగా కనిపించే డెమెర్జెల్ రోబో అన్న సంగతిని మొదటి సీజన్‌లోనే బయటపెట్టేసింది కాబట్టి ఇక దాచడానికి ఏముందన్నది యువకుల మరో వాదన. వారికి రచయిత సాక్ష్యం కూడా ఉంది. 1988లో 'ప్రిల్యూడ్' ముందుమాటలో అసిమోవ్ మొత్తం 14 సంపుటాలను, సుమారు 14 లక్షల 50 వేల మాటలను, కథాకాలం ప్రకారం అంకెలు వేసి వరసగా పేర్చారు. అందులో 'ప్రిల్యూడ్' తొమ్మిదోది, 1951 నాటి 'ఫౌండేషన్' పదోది. గోడ పడగొట్టి ఉండకపోతే ఆ జాబితాకు అవసరమే ఉండేది కాదు. జాబితాను చూపించేవారు దాని ముందున్న వాక్యాన్ని మాత్రం చదవరు: పుస్తకాలు 'బహుశా' చదవవలసిన వరసలో రాసినవి కావంటూ, ఆ 'బహుశా'ను ఆయన బ్రాకెట్లలో పెట్టారు.

ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఒక ఆదివారం కొన్న నా 'ప్రిల్యూడ్' ప్రతిలో ఎవరో పాత యజమాని ఆ జాబితా పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. 10, 11, 12, 13లకు టిక్కులు ఉన్నాయి. 14 పక్కన గీత ఒకటి సగంలో ఆగింది. తొమ్మిది పక్కన ప్రశ్నార్థకం.

అసిమోవ్ 1992 ఏప్రిల్ 6న మరణించారు. మరుసటి ఏడాది వెలువడిన 'ఫార్వర్డ్ ద ఫౌండేషన్' కూడా సెల్డన్ జీవితానికే వెనక్కి వెళ్లింది. వెయ్యేళ్ల ప్రణాళికలో సగానికి వచ్చి ఆగిన కథను 1986 తరవాత ఆయన ఒక్క ఏడాది కూడా ముందుకు నడపలేదు. మా బృందం వచ్చే ఆదివారం 1951 పుస్తకంతోనే మొదలుపెడుతోంది. నలుగురు యువకులు మాత్రం 'ప్రిల్యూడ్' చదివేసి వస్తామన్నారు.