సోషల్ హోంవర్క్: హన్మకొండలో నేను రోజూ వినే అపోహలు

సాయంత్రమైతే నా వాట్సాప్ నిండా హోంవర్క్ ఫొటోలే. కింద ఒకటే మాట: "సార్, ఆన్సర్ పెట్టండి." నేను పెట్టను.

అపోహ: సోషల్ అంటే బట్టీ, పేజీ నంబర్ చెప్తే చాలు.

కాకతీయులు చెరువులు ఎందుకు తవ్వించారని అడిగితే గైడు "వ్యవసాయాభివృద్ధి కోసం" అని ఊరుకుంటుంది. అసలు సంగతి నేల తీరులో ఉంది. మనకు వాన ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. గోదావరి దగ్గర్లోనే ఉన్నా అది పల్లంలో పారుతుంది, మన పొలాలేమో మెట్టన. అందుకే గుట్టల నడుమ వాగుకు అడ్డంగా కట్ట పోసి నీళ్లు నిలిపారు. రామప్ప, పాకాల, లక్నవరం అట్లా వచ్చినవే. పాలంపేటలో 1213 నాటి గుడి పక్కనే అంత చెరువు ఎందుకని నేను ఎదురు అడుగుతాను. గుడి మాన్యం పండాలన్నా నీళ్లే కావాలి కదా అని ఎవరో ఒకరు పట్టేస్తారు. ఆ పిల్లలు ఇక బట్టీ పట్టరు.

అపోహ: ఫోన్‌లో దొరికింది రాస్తే మార్కులు ఖాయం.

మన ప్రాంతం భారత్‌లో ఎప్పుడు కలిసిందంటే సగం నోట్‌బుక్కుల్లో 1947 ఆగస్టు 15 అనే ఉంటుంది. ఆ రోజు వరంగల్ ఇంకా నిజాం పాలనలోనే ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాకే హైదరాబాద్ సంస్థానం కలిసింది. ఫోన్ తప్పు చెప్పిందని అనను. పిల్లలు అడిగింది దేశం గురించి, రాయాల్సింది మన జిల్లా గురించి.

అపోహ: "మేం సదువుకోలే సార్, మాకేం తెల్సు?"

తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే మాట ఇదే, నేను అసలు ఒప్పుకోనిదీ ఇదే. పదో తరగతిలో 'ఉత్పత్తి, ఉపాధి' పాఠం ఉంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తాతను మించిన గైడు ఆ పాఠానికి దొరకదు. తట్టలతో బొగ్గు ఎత్తిన రోజుల్లో ఒక షిఫ్టుకు ఎంతమంది దిగేవారు, ఓపెన్‌కాస్ట్ (పైనుంచే నేల తవ్వి మిషన్లతో బొగ్గు తీసే పద్ధతి) వచ్చాక ఎంతమంది మిగిలారు అని అడగమనండి. బొగ్గు పెరిగినా కొలువులు ఎందుకు తగ్గాయో ఆయన చెప్తాడు. ఆ మాటల్ని పాఠంలోని పట్టికతో కలిపి రాస్తే అదే జవాబు. నాట్లేసే అమ్మను కూలి రేట్లు అడిగినా అంతే.

మ్యాపుకు డ్రాయింగ్ రావాలన్నదీ వట్టి మాటే. గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది, మంజీర అక్కడే కలుస్తుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర. ఈ రెండు చుక్కలు సరిగ్గా పడితే గీత కొంచెం వంకరపోయినా ఫర్వాలేదు.

కాబట్టి ఫొటో పంపేటప్పుడు కింద రెండు ముక్కలు రాయండి: పాఠంలో ఏ పేరా చదివారు, ఎక్కడ ఆగిపోయారు. దానికైతే రాత్రి పదింటికైనా జవాబిస్తా.