శనగపచ్చ పురుగు, దాని బంధువులు: అపోహలు - వాస్తవాలు

చిమ్మట ఫొటో పంపి "ఇది ఏ జాతి సార్?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, సంతోషమే. "ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, అంతకు మించి ఫొటో చూసి చెప్పలేను" అంటే మాత్రం చిన్నబుచ్చుకుంటారు. ఎందుకు చెప్పలేనో అందరికీ తెలిసిన శనగపచ్చ పురుగుతోనే చెబుతాను. ఆ పురుగే పెరిగి చిమ్మట అవుతుంది. దాని శాస్త్రీయ నామం హెలికోవర్పా ఆర్మిజెరా.

అపోహ: పురుగు రంగు వేరైతే జాతి వేరు.

కాదు. ఒకే కంది చేలో పచ్చగా, గోధుమ రంగులో, గులాబీ ఛాయలో కనిపించేవన్నీ ఆర్మిజెరా కావచ్చు.

అపోహ: మంచి కెమెరా ఉంటే చాలు, రెక్కల మీద గుర్తులు చూసి చెప్పేయొచ్చు.

చాలా చిమ్మటల విషయంలో నిజమే. కానీ ఆర్మిజెరా పక్కన అమెరికా ఖండాల్లో ఉండే హెలికోవర్పా జియాను పెట్టండి, రెక్కలు చూసి ఖాయంగా తేల్చలేరు. మగ చిమ్మట పొట్ట చివరి భాగాన్ని విడదీసి, 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, సన్నటి కుంచెతో పొలుసులు, కొవ్వు తుడిచేసి, మైక్రోస్కోప్ కింద జననాంగాలు చూడాలి. లోపల ముడుచుకుని ఉన్న పల్చటి సంచి లాంటి గొట్టాన్ని చిరగకుండా బయటికి తిప్పడమే అసలు పని. దాని మొదట్లో ఆర్మిజెరాకు ఒక్క బుడిపె, జియాకు మూడు. అంతే తేడా!

ఆ తేడా ఖరీదు బ్రెజిల్‌కు తెలిసొచ్చింది. అక్కడి పొలాల్లో జియా ముందు నుంచీ ఉంది. కొత్తగా ఆర్మిజెరా వచ్చి చేరినా పాతదేననుకున్నారు. 2013లో దాన్ని గుర్తించి ప్రకటించారు. ఆ తర్వాత దాచి ఉంచిన పాత నమూనాలను మళ్లీ పరీక్షిస్తే, అంతకుముందే వచ్చేసిందని తేలింది. అంటే ఏ జాతి ఎక్కడ దొరికిందో చూపే పటంలో అప్పటిదాకా జియా అని పెట్టిన చుక్కల్లో కొన్ని తప్పు. ఆ నమూనాలు పారేసి ఉంటే దిద్దుకునే దారే లేదు. పిన్నుకు గుచ్చి దాచడం పాతకాలపు పని అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

అపోహ: లింగాకర్షక బుట్టలో (ఆడ చిమ్మట వాసనను ఎరగా పెట్టి మగవాటిని పట్టేది) పడిందంటే అది ఆ జాతే.

ఆర్మిజెరాకు మన దగ్గర ఇంకో బంధువు ఉంది, అసల్టా. పొగాకు, మిరప లాంటి మొక్కల మీద బతుకుతుంది. మగవాటిని పిలవడానికి రెండు జాతుల ఆడ చిమ్మటలూ ప్రధానంగా అవే రెండు రసాయనాలు వాడతాయి. ఆర్మిజెరాలో ఒకటి దాదాపు 97 పాళ్లు, రెండోది 3. అసల్టాలో ఈ లెక్క ఇంచుమించు తిరగబడుతుంది. ఇంత సన్నటి తేడా మీద నడిచే ఎర కాబట్టి అప్పుడప్పుడూ వేరే జాతులూ బుట్టలో పడతాయి. పైగా బుట్టలో కొట్టుకుని పొలుసులన్నీ రాలిపోతాయి. లెక్క రాసే ముందు కొన్నింటినైనా విప్పి చూడాలి.

అపోహ: డీఎన్‌ఏ బార్‌కోడ్ వచ్చాక ఈ గొడవే లేదు.

సగం నిజం. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన ఆ 658 అక్షరాల డీఎన్‌ఏ ముక్కను చదివి జాతి పేరు చెబుతారు. అది కణంలోని మైటోకాండ్రియా అనే భాగానిది, తల్లి నుంచే వస్తుంది. రెండు జాతులు కలిసి సంకరం పుడితే బార్‌కోడ్ తల్లి పేరే చెబుతుంది. బ్రెజిల్‌లో ఆర్మిజెరా, జియా సంకరాలు దొరికాయి కూడా.

అపోహ: పటంలో చుక్క లేదంటే అక్కడ ఆ జాతి లేదు.

అక్కడ ఎవరూ రాత్రిపూట దీపం పెట్టి చూడలేదేమో! చుక్క ఉన్నా అది ఏ నెలదో అడగాలి. కత్తెర పురుగునే తీసుకోండి. అమెరికాలో అది చలికాలం దాటేది దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సస్ వైపే. ఎండాకాలం వచ్చేసరికి తరాలు మార్చుకుంటూ కెనడా దాకా పోతుంది. జనవరి చుక్కనూ ఆగస్టు చుక్కనూ ఒకే రంగులో వేస్తే, కెనడాలో అది ఏడాదంతా ఉంటుందనుకుంటారు.

అందుకే నమూనా పంపేవాళ్లను నేను చీటీ గురించే సతాయిస్తాను. ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ పైరు మీద దొరికింది, బుట్టలోనా దీపం దగ్గరా, పట్టిందెవరు అన్నీ రాయాలి. "తెలంగాణ, వానాకాలం" అని రాసి పంపితే చుక్క ఎక్కడ పెట్టను?