“బాగుంది, ఇంకా రాయి” అంటే చాలదు: కొత్తవాళ్ళ టీనేజ్ ప్రేమకథలకు అభిప్రాయం చెప్పడంలో అపోహలు - వాస్తవాలు

కలం పట్టిన కొత్తలో చాలామంది ఎత్తుకునేది ప్రేమకథే. క్లాసులో కిటికీ పక్క బెంచీ, బస్సులో ఎదురు సీటు, రాత్రి పదకొండింటికి వచ్చిన మొదటి మెసేజ్. చదివి చెప్పమంటే మన నోట మామూలుగా వచ్చేవి రెండే మాటలు: “సూపర్, ఇంకా రాయి” లేదా “ఈ వయసు కథలన్నీ ఇంతే.” మొదటిది విని పొంగిపోతారు, రెండోది విని ముడుచుకుపోతారు. రెండో ప్రతిలో ఏం మార్చాలో మాత్రం ఈ రెంటిలో దేనివల్లా తెలియదు. మీరు చెప్పింది విన్నాక వాళ్ళు కథ తెరిచి ఫలానా చోట చెయ్యి పెట్టగలిగితేనే మీ అభిప్రాయం పనిచేసినట్టు.

అపోహ: ఇది తేలికపాటి సరుకు, పైపైన చూస్తే చాలు.

పెద్దవాళ్ళు చదివేటప్పుడు పెద్దవాళ్ళ తూకంరాళ్ళే వేస్తారు. “మెసేజ్‌కి జవాబు రాకపోతే ఇంత ఏడుపా?” అని రాసేస్తారు. పదహారేళ్ళ పాత్రకు అది మొదటిసారి. ఇలాంటి బాధ గడిచిపోతుందని చెప్పే పాత అనుభవం తన దగ్గర లేదు. కాబట్టి విషయం చిన్నదా పెద్దదా అని చూడకండి. అది ఈ పాత్రకు ఎందుకు పెద్దదో కథ ముందే చూపించిందా అని చూడండి. ఆ మెసేజ్ టైప్ చేయడానికి అమ్మాయి నలభై నిమిషాలు తీసుకుందని, నాలుగుసార్లు చెరిపిందని ముందు పేజీలో ఉంటే, నీలం టిక్కులు పడి జవాబు రాకపోవడం పాఠకుడికీ గుచ్చుకుంటుంది. అది లేకపోతే మీరు చెప్పాల్సింది “ఏడుపు తగ్గించు” అని కాదు, “ముందు పేజీ పెంచు” అని.

మీకు ప్రేమకథలు పడకపోతే ఆ మాట ముందే చెప్పి తప్పుకోవడం మేలు. పులుపు తిననివాళ్ళు పులిహోరకు మార్కులు వేయకూడదు.

అపోహ: ముందు అక్షరదోషాలు దిద్దాలి.

అవి కంటికి ముందు కనబడతాయి, దిద్దడం సులువు, పని చేసిన తృప్తీ ఉంటుంది. తీరా ఆ సన్నివేశమే ఎగిరిపోవాల్సిందైతే దిద్దినదంతా వృథా. పైగా దిద్దిన వాక్యాన్ని తీసేయడానికి రచయితకు చేయి రాదు. వరస ఇలా ఉండాలి: ముందు కథ, తర్వాత సన్నివేశం, తర్వాత వాక్యం, ఆఖరున అక్షరం.

1500 పదాల కథ అనుకుందాం. మొదటిసారి కలం లేకుండా ఏకబిగిన చదవండి, పది నిమిషాల పని. మనసు ఎక్కడ పక్కకు పోయిందో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చిందో గుర్తు పెట్టుకోండి. వీలైతే ఒక పూట ఆగండి. రెండోసారి కలంతో అరగంటకు పైగా కూర్చోండి. ఒత్తులు, దీర్ఘాల గురించి ఒక్క వాక్యం చాలు: “ఒకే తప్పు పదేపదే వస్తోంది, ఇదీ అది, మిగతావి ఆఖరి ప్రతిలో చూద్దాం.”

అపోహ: పొగడ్త, విమర్శ, మళ్ళీ పొగడ్త. ఇలా చెబితే నొప్పి తెలియదు.

రెండోసారికే వాళ్ళకు కిటుకు తెలిసిపోతుంది. ఇక మీరు మెచ్చుకోవడం మొదలుపెట్టగానే దెబ్బ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తారు. నిజమైన మెప్పు కూడా అలా చెడిపోతుంది.

మెప్పు ఊరడింపు కాదు, సమాచారం. కొత్త రచయితకు తన కథలో ఏది పనిచేసిందో తెలియదు. చెప్పకపోతే తిరగరాసేటప్పుడు సరిగ్గా దాన్నే కొట్టేస్తారు. “పాత్రచిత్రణ బాగుంది” అంటే ఏమీ చెప్పనట్టే. ఇలా చెప్పండి: “నవ్వితే వాడి పన్ను మీద పన్ను కనిపిస్తుందని మొదటి పేజీలో రాశావు. మూడో పేజీలో వాడు పెదాలు బిగించి నవ్వగానే, ఏదో దాస్తున్నాడని నువ్వు చెప్పకుండానే నాకు తెలిసింది. అది తీయకు.” ఇంత వివరంగా ఒక్కటి చెబితే పది “అద్భుతం”ల పెట్టు.

నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిలో నాలుగు అంచెలున్నాయి. చూసినవాళ్ళకు ఏది తగిలిందో ముందు చెబుతారు. తర్వాత కళాకారుడు తన ప్రశ్నలు అడుగుతాడు. మూడో అంచెలో చూసినవాళ్ళు అడుగుతారు, కానీ ప్రశ్నలో తీర్పు దాచకూడదు. అభిప్రాయం చివరి అంచెలో, అదీ అనుమతి అడిగి. నాట్యం కోసం పుట్టినా కథకూ చక్కగా సరిపోతుంది. మూడో అంచె మాత్రం చెప్పినంత తేలిక కాదు. “హీరో ఎందుకంత మొండిగా ఉన్నాడు?” అన్నది ప్రశ్న వేషం వేసుకున్న తీర్పు. “హీరో అక్కడ ఏం కోరుకుంటున్నాడు?” అన్నది ప్రశ్న.

అపోహ: “రొటీన్‌గా ఉంది” అంటే వాళ్ళకే అర్థమవుతుంది.

అర్థం కాదు. ఏ వాక్యం, ఎందుకు అని చెప్పాలి. కొత్తవాళ్ళ ప్రతుల్లో తరచూ కనిపించే తీరులో ఒక ముక్క:

“ఆమెను చూడగానే అతని గుండె ఆగిపోయింది. ఆమె కళ్ళు కలువల్లా ఉన్నాయి. తను కూడా తనని చూసింది. ఎంత మంచివాడో అనుకుంది. ఆ క్షణం నుంచి తనకి తనే లోకం.”

అయిదు చిన్న వాక్యాలు, అయిదు వేర్వేరు సమస్యలు. గుండె ఆగడం ఎవరి కథలోనైనా జరుగుతుంది. ఈ అబ్బాయి ఏం చేశాడు? చేతిలో పెన్ను మూత రెండుసార్లు తప్పుగా పెట్టాడా? కలువలు ఎవరి పోలిక? క్రికెట్ తప్ప వేరే ధ్యాస లేని కుర్రాడని ముందు రాసి ఉంటే అతని తలలోకి కలువలు ఎలా వచ్చాయి? మూడో వాక్యానిది తెలుగులో తరచూ వచ్చే చిక్కు: “తను” ఆడా కావచ్చు, మగా కావచ్చు. ఇద్దరే ఉన్న సన్నివేశంలో అది రెండుసార్లు పడితే ఎవరు ఎవరిని చూశారో పాఠకుడు లెక్క కట్టుకోవాలి. నాలుగో వాక్యంలో “అనుకుంది” అనగానే అబ్బాయి తలలోంచి అమ్మాయి తలలోకి దూకేశాం. ఆమె మనసు ఇప్పుడే తెలిసిపోతే ఒప్పుకుంటుందా లేదా అన్న ఉత్కంఠ అక్కడికక్కడే చచ్చిపోయింది. చివరి వాక్యం మరీ ఖరీదైనది. మొదటి పేరాలోనే లోకమైపోతే మిగిలిన పేజీల్లో పెరగడానికి ఏముంది?

అయిదూ కలిపి రాసి పంపకండి. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం దృష్టికోణం, ఎందుకంటే అది కథంతా పాకే సమస్య. వ్యాఖ్యలో మూడు ముక్కలుండాలి: ఎక్కడ, నాకేమైంది, ప్రశ్న. “నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా అబ్బాయి కళ్ళతో చూస్తున్నాను, ఉన్నట్టుండి అమ్మాయి మనసులో ఉన్నాను. ఈ కథ ఎవరిది?” ఇందులో తిట్టు లేదు, వాదించడానికి చోటూ లేదు, ఎందుకంటే మీరు చదువుతుంటే ఏమైందన్నది మీరు తప్ప ఎవరూ కాదనలేరు. రాయడం నేర్పే అమెరికన్ అధ్యాపకుడు పీటర్ ఎల్బో 1973లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి స్పందననే పాఠకుడి మనసులో ఆడిన సినిమా అన్నాడు. సినిమా చెప్పండి, రేటింగ్ తర్వాత.

అపోహ: మాటలు సహజంగా లేకపోతే మనమే మార్చి రాసివ్వాలి.

మీరు రాసిచ్చిన వాక్యం బాగానే ఉండొచ్చు. కానీ అది మీ గొంతు. పక్క వాక్యాలతో పొసగదు. పైగా మీ వయసు యాస పదిహేనేళ్ళ పిల్ల నోట్లో పెడతారు, అది ఇంకా ఎబ్బెట్టు. రాసివ్వకుండా పరీక్ష ఇవ్వండి: ఎవరన్నారో పేర్లు మూసేసి సంభాషణ పైకి చదవమనండి. ఇద్దరి మాటలూ ఒకేలా వినిపిస్తే ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటారు. “నేను నిన్ను ప్రేమిస్తున్నాను” అని పూర్తి వాక్యం పలకగానే సొంత చెవే నవ్వుతుంది.

సంభాషణల్లో చాలామంది చూడనిది నువ్వు-మీరు. మన భాషలో ప్రేమకథకు ఇదొక వరం. ముఖపరిచయం లేని ఇద్దరు “మీరు”తో మొదలుపెట్టి ఒకరోజు నోరు జారి “నువ్వు” అన్నారంటే, అది ముట్టుకున్నంత పని. కోపంలో మళ్ళీ “మీరు” అన్నారంటే తలుపు మూసినట్టు. కొత్తవాళ్ళు తెలియక రెండో పేజీలో నువ్వు, మూడో పేజీలో మీరు, మళ్ళీ నువ్వు అని కలిపేస్తుంటారు. ఒకే క్లాసు పిల్లలు “మీరు” అనుకుంటే ఎందుకో చెప్పాలి. రెండో చదువులో ఈ పిలుపులన్నిటికీ గీత గీసి వరసగా చూపించండి: “ఇక్కడ మారింది. కావాలనే మార్చావా? అయితే ఆ క్షణాన్ని అవతలివాళ్ళు గమనించారా?”

అపోహ: ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే అపార్థం మీద కథ నడిపితే తీసేయమనాలి.

తీసేయనక్కర్లేదు. ఆ ఫోన్ ఎందుకు చేయలేదో అడగండి. అహమా, భయమా, ఫోన్ ఇంట్లోవాళ్ళ చేతిలో ఉందా, నిజం తెలిసిపోతుందన్న బెదురా? కారణం పాత్రలోంచి వస్తే అపార్థం నిలుస్తుంది. కథ ఇంకా మూడు పేజీలు సాగాలి కాబట్టి చేయలేదన్నదే కారణమైతే నిలవదు.

అపోహ: వెంటపడటం గురించి ప్రశ్నిస్తే నీతులు చెప్పినట్టే.

కాదంటే వినకుండా నెలల తరబడి వెంట తిరగడం, చేయి కోసుకుంటానని బెదిరించడం, దానికి అమ్మాయి కరిగిపోవడం కొత్త ప్రతుల్లో వస్తూనే ఉంటాయి. ఉపన్యాసం ఇస్తే చెవులు మూసుకుంటారు. రచనగానే పట్టుకోండి. అలాంటి సన్నివేశాల్లో సాధారణంగా అమ్మాయి వైపు ఖాళీగా ఉంటుంది. “ఈ రెండు పేజీలు ఆమె వైపు నుంచి రాసి చూడు” అంటే చాలు. రాస్తే అందులో భయం ఉందని వాళ్ళకే తెలుస్తుంది, కథ కూడా మారుతుంది.

రెండు విషయాల్లో మాత్రం ప్రశ్నలతో సరిపెట్టకుండా నేరుగా చెప్పాలి. పద్దెనిమిది నిండని పాత్రల మధ్య లైంగిక వర్ణన వద్దు, అది అభిరుచికి సంబంధించిన విషయం కాదు. అలాగే నిజంగా తెలిసిన క్లాస్‌మేట్ పేరు, వీధి, బడి పెట్టి రాస్తే, నలుగురి కళ్ళా పడకముందే మార్చమనండి. పేరొక్కటి మారిస్తే చాలదు, గుర్తుపట్టించే వివరాలూ మారాలి.

అపోహ: ఎన్ని లోపాలు చూపిస్తే అంత సాయం.

ఇరవై వ్యాఖ్యలు పంపితే ఇరవయ్యీ ఒకే బరువుతో కనిపిస్తాయి. రచయిత సులువైనవి దిద్ది పంపేస్తారు, కామాలు మారతాయి, కథ మారదు. మూడు చాలు. ఏది బాగుచేస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయో అది మొదట పెట్టండి.

అపోహ: రచయిత సంజాయిషీ మొదలుపెడితే ఆపేయాలి.

వినండి. “అది కాదు, వాళ్ళ నాన్న ముందే చెప్పాడన్నమాట, అందుకే వాడు...” అంటూ చెబుతున్న దాంట్లోనే చాలాసార్లు కథలో లేని సన్నివేశం ఉంటుంది. చివరిదాకా విని ఒక్క మాట అడగండి: “ఇది ఏ పేజీలో ఉంది?”

రెండో ప్రతి వచ్చినప్పుడు ముందు మీ పాత మూడు వ్యాఖ్యలు తీసి చదువుకోండి, ఆ చోట్లే చూడండి. కొత్త జాబితా మొదలుపెట్టకండి. మీరు సూచించినట్టు కాకుండా ఇంకోలా దిద్దినా, ఈసారి అక్కడ మీరు ఆగకుండా చదివేశారంటే, “ఇక్కడ ఆగలేదు” అని రాసి పంపండి.