కౌంట్ లక్ష దాటినా కాపలా లేదు: ల్యూకీమియాలో (బ్లడ్ క్యాన్సర్లో) తెల్లకణాల నడకపై అపోహలు - వాస్తవాలు

అపోహ: తెల్లకణాలు ఎక్కువుంటే ఇన్‌ఫెక్షన్ దగ్గరికి రాదు.

"డాక్టర్ గారూ, కౌంట్ లక్షా ఇరవై వేలుందిగా, మరి జ్వరం ఎందుకు తగ్గట్లేదు?" రిపోర్టు పట్టుకొచ్చే చాలామంది అడిగేది ఇదే. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 తెల్లకణాలుంటాయి. కాల్లో ముల్లు విరిగితే అక్కణ్ణుంచి రసాయనాల కబురు వెళుతుంది. రక్తంలో కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ (క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణం) ఆ చోట నాళం గోడకు తగిలి దొర్లుతుంది, నెమ్మదించి అతుక్కుంటుంది, సన్నని సందులోంచి బయటికి దూరుతుంది. ఆపైన బెల్లం జాడ పట్టిన చీమలా క్రిమి దాకా పాకుతుంది. దాని కేంద్రకం మూణ్ణాలుగు తునకలుగా ఉండటం ఈ దూరడానికి సాయపడుతుంది.

అక్యూట్ ల్యూకీమియాలో (వేగంగా ముదిరే రకం) రక్తాన్ని గాజుపలకపై పరిచి చూసే స్మియర్‌లో కనిపించేవి వేరు. అవి ఎదగని బ్లాస్ట్ కణాలు. ఒక్కోదాంట్లో కేంద్రకమే కణమంతా నిండి ఉంటుంది. కౌంట్ పెంచేవి అవే, కానీ కాపలా పని వాటికి రాదు. పనికొచ్చే న్యూట్రోఫిల్స్ 500 కూడా ఉండకపోవచ్చు.

అపోహ: చీము లేదంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టే.

చీములో ఎక్కువ భాగం పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్సే. అవి రాకపోతే చీమూ లేదు. ఒక కుర్రాడికి చంకలో చిన్న గడ్డ లేచింది. పెద్దగా ఎరుపు లేదు, వేలు ఆనిస్తే మాత్రం విలవిల్లాడాడు. "ఇంకా పండలేదని ఆగామండీ" అంది వాళ్ళమ్మ. దయచేసి అలా ఆగకండి. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా బయల్దేరండి.

అపోహ: బ్లడ్ క్యాన్సర్ రక్తం దాటిపోదు.

పిలిచిన చోటికి రాని ఈ కణాలు పిలవని చోటికి వెళతాయి. లింఫోబ్లాస్టిక్ రకంలో మెదడు పొరల్లో దాక్కుంటాయి. మామూలు కీమో అక్కడికి సరిగా చేరదు కాబట్టే వెన్నులో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇస్తాం. మోనోసైటిక్ రకంలో చిగుళ్ళు ఉబ్బి, రోగి ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమూ ఉంది.

అపోహ: ఎంత కౌంటుంటే అంత ప్రమాదం.

ఏ కణమన్నది ముఖ్యం. మైలాయిడ్ రకం ల్యూకీమియాలోని బ్లాస్ట్‌లు పెద్దవి, బిరుసు. లక్ష దాటితే ఊపిరితిత్తుల్లో, మెదడులో సన్న నాళాలకు అడ్డుపడొచ్చు. ఆయాసం, మగత వస్తే అది ఎమర్జెన్సీ. అప్పుడు హడావిడిగా రక్తం ఎక్కిస్తే ఇంకా చిక్కబడుతుంది. సీఎల్ఎల్ (నెమ్మదిగా ముదిరే, లింఫోసైట్ల ల్యూకీమియా) కణాలు చిన్నవి, రెండు లక్షలున్నా అడ్డుపడటం అరుదు.

అపోహ: కౌంట్ పెరిగిందంటే మందు పనిచేయట్లేదు.

సీఎల్ఎల్‌కి ఇబ్రుటినిబ్ అనే మందు మొదలుపెట్టిన కొత్తలో కౌంట్ పెరగడం మామూలే. లింఫు గ్రంథుల్లో అతుక్కున్న కణాలు పట్టు సడలి రక్తంలోకి వచ్చేస్తాయి. కొందరిలో నెలల తరబడి అలాగే ఉంటుంది. ఒక పెద్దాయన ఆ రిపోర్టు చూసి మందు మానేస్తానన్నారు. మెడ తడిమి చూశాను, ఉబ్బిన గ్రంథులు సగానికి సగం తగ్గాయి. "బాబాయ్ గారూ, చొక్కా పై గుండీ పడుతోందా?" అన్నాను. పెట్టి చూపించారు.