చవిటి సరస్సు, గడ్డి నేల, పక్షులు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ట్రాన్స్-కెనడా రహదారి మీద వెళ్తుంటే, చాప్లిన్ అనే చిన్న ఊరి దగ్గర నేల ఉన్నట్టుండి తెల్లబడుతుంది. ఎండాకాలంలో కూడా మంచు పరచినట్టు కనిపించే ఆ తెలుపు సోడియం సల్ఫేట్ అనే లవణం. మన పల్లెల్లో చౌడు నేల మీద తేలే పొర లాంటిదే. చవిటి నేల అంటే దేనికీ పనికిరాని నేల అన్న మాట మనలో బాగా నాటుకుపోయింది. అలాంటి చాప్లిన్ సరస్సును, దానికి దగ్గరలోని ఓల్డ్ వైవ్స్, రీడ్ సరస్సులతో కలిపి, ఉత్తర దక్షిణ అమెరికా ఖండాలలో తీరపక్షులకు అత్యంత ముఖ్యమైన స్థలాలలో ఒకటిగా 1997లో గుర్తించారు.

ఈ సరస్సులకు సముద్రంతో సంబంధం లేదు. చివరి మంచుయుగం ముగుస్తున్నప్పుడు, కరిగి వెనక్కి తగ్గిన హిమానీనదాలు ఈ మైదానంలో ఎన్నో పల్లాలను మిగిల్చాయి. వాటిలో కొన్నింటికి నీరు వచ్చే దారి ఉంది కానీ పోయే దారి లేదు. ఊటనీరు మట్టిలోని లవణాలను కరిగించుకుని వస్తుంది, ఎండకూ గాలికీ నీరు ఆవిరైపోతుంది, లవణం అక్కడే ఉండిపోతుంది. ఇలా వేల ఏళ్లు జరిగేసరికి, బాగా ఉప్పెక్కిన చోట్ల చేపలు బతకలేని నీరు తయారైంది.

చేపలు లేకపోవడమే పక్షులకు వరమైంది. పోటీపడి తినేవి లేనందువల్ల ఉప్పునీటి ఈగల పిల్లపురుగులు, సెంటీమీటరు పొడవుండే ఆర్టీమియా అనే రొయ్య లాంటి ప్రాణులు అక్కడ విపరీతంగా పెరుగుతాయి. భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల రైతులకు ఆర్టీమియా పేరు కొత్త కాదు. హేచరీలలో రొయ్య పిల్లలకు మేతగా వాడేది దీన్నే. దీని గుడ్లు ఎండిపోయినా, చలికాలమంతా గడ్డకట్టి ఉన్నా చావకుండా, మళ్లీ అనువైన నీరు తగలగానే పొదుగుతాయి.

మే నెలలో ఈ మేత కోసం శాండర్లింగ్ పక్షులు గుంపులు గుంపులుగా దిగుతాయి. పెరూ, చిలీ తీరాలలో చలికాలం గడిపి ఉత్తర ధ్రువ ప్రాంతానికి గుడ్లు పెట్టడానికి వెళ్లే ఉల్లంకి పిట్టలివి. (సైబీరియా నుంచి వచ్చే ఇదే జాతి పక్షులు శీతాకాలంలో మన కోస్తా ఇసుక మీద అలల వెంట పరుగులు తీస్తూ కనిపిస్తాయి.) గమ్యం చేరేసరికి అక్కడ ఇంకా మంచు కరగకపోవచ్చు, పురుగులు దొరకకపోవచ్చు. అందుకే దారిలోనే కొవ్వు కూడబెట్టుకోవాలి. దూరప్రయాణానికి సిద్ధమయ్యే శాండర్లింగ్ తన బరువును దాదాపు రెట్టింపు చేసుకోగలదు. సముద్రానికి ఇంత దూరంలో అంత మేత దొరికే మజిలీలు చాలా తక్కువ.

ఇక్కడే కాపురం పెట్టే పక్షి పైపింగ్ ప్లోవర్. ఇది మన తీతువు పిట్ట కుటుంబానికి చెందినది, అలవాటూ అదే: గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి రాళ్లలో కలిసిపోయే రంగు గుడ్లు నాలుగు పెడుతుంది. శత్రువును దూరం నుంచే చూడాలంటే ఒడ్డు బోసిగా ఉండాలి. మొక్కలు మొలవనివ్వని ఉప్పు ఆ పని చేసిపెడుతుంది. కెనడాలో అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ పక్షికి ఉప్పు తగ్గడం, నీరు పెరగడం రెండూ ముప్పే. ఇదే రాష్ట్రంలోని క్విల్ సరస్సులలో 2005 తరువాత వరుసగా వచ్చిన తడి సంవత్సరాలలో నీటిమట్టం పెరుగుతూ పోయి, పొలాలతో పాటు ఇవి గుడ్లు పెట్టే ఒడ్లు కూడా మునిగిపోయాయి.

చాప్లిన్‌లో 1948 నుంచి లవణం తీసే పరిశ్రమ ఉంది. వేసవిలో ఉప్పునీటిని మడుల్లోకి తోడి చిక్కబరుస్తారు. చలి ముదిరేకొద్దీ లవణం స్ఫటికాలుగా అడుగున పేరుకుంటుంది. బట్టల సబ్బు పొడులలో కలిసే సోడియం సల్ఫేట్ ఇలా వచ్చేదే.

అయితే సరస్సును ఒక్కదాన్నే కాపాడితే సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇక్కడి కొన్ని పక్షులు రోజూ రెండు నేలల మధ్య తిరుగుతాయి. పొడవాటి ముక్కుతో బురదలో మేత వెతికే మార్బుల్డ్ గాడ్‌విట్ గుడ్లు పెట్టేది నీటి ఒడ్డున కాదు, చుట్టూ ఉన్న పొట్టి గడ్డిలో. స్ప్రేగ్స్ పిపిట్ అనే చిన్న పిట్ట గడ్డి దుబ్బు మాటున గూడు దాచుకుంటుంది. మగపిట్ట ఆకాశంలో కంటికి ఆనని ఎత్తున అరగంటకు పైగా ఎగురుతూ పాడుతుంది. ఈ గడ్డినేలను ఒకసారి దున్నితే, మళ్లీ గడ్డి మొలిచినా పాత నేల ఒక తరంలో తిరిగి రాదు. 1970 నుంచి ఉత్తర అమెరికా గడ్డినేలల పక్షులు సగానికి పైగా, 70 కోట్లకు మించి, తగ్గిపోయాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మిగిలిన నేలలో చాలా భాగం మిగలడానికి కారణం అక్కడ గోధుమ వేయకుండా పశువులను మేపుకుంటున్న రైతులు. ఒకప్పుడు బైసన్ అనే అడవిదున్నల మందలు మేసినట్టే పశువులు మేయడం వల్ల గడ్డి కొన్నిచోట్ల పొట్టిగా, కొన్నిచోట్ల ఎత్తుగా ఉంటుంది, ఏ పిట్టకు కావలసిన చోటు ఆ పిట్టకు దొరుకుతుంది. బట్టమేక పిట్ట కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించిన మన రోళ్లపాడు గడ్డినేల కూడా, చూసేవారికి బంజరులాగే కనిపిస్తుంది.